ఏ చెయ్యో చెప్పలేదు నువ్వు

చిరంజీవికి ఆశీస్సులు.

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషనయిన ఆడమనిషి మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. మూడో పేజీలో ఆమె స్టూలెక్కి, ఆవకాయ జాడీ కోసం చెయ్యి సగం దాకా ఎత్తి, దించేసి, కూతుర్ని పిలవకుండా అలాగే నిలబడిపోతుంది చూడు, అక్కడ నేనూ ఆగిపోయాను. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం. మిగతా కథంతా కలిసి దాన్ని పాడుచేసినందుకు కూడా.

ఆ వెంటనే డాక్టరు చేత "మీ జీవన నాణ్యత మెరుగుపడింది" అనిపించావు. అది ఫారాల్లో ఉండే మాటమ్మా. ఇంట్లో ఏ ఆడమనిషీ అలా అనదు. "నా పని నేను చేసుకుంటున్నా" అంటుంది. "ఎవరికీ బరువు కాలేదు" అంటుంది. "పిల్ల పెళ్ళి చూస్తే చాలు" అంటుంది. మూడూ మూడు కొలతలు. మొదటిది ఒంట్లో సత్తువకి, రెండోది అభిమానానికి, మూడోది మిగిలిన కాలానికి. నీ మనిషి తన బతుకుని దేనితో కొలుచుకుంటోందో తేల్చుకోకుండా కలం పట్టకు.

జీవన నాణ్యత కొలిచే ఆ ఫారం కూడా ఒకసారి చూడు. ఐరోపా క్యాన్సర్ సంస్థ ఈఓఆర్‌టీసీ వాళ్ళు రోగుల చేత నింపించే క్యూఎల్‌క్యూ-సీ30 అనే ఫారంలో 30 ప్రశ్నలు. మొదటిదే బరువైన సంచి మోయడం లాంటి శ్రమ గురించి. 28వది డబ్బు ఇబ్బంది గురించి. చివరి రెండూ గడిచిన వారంలో మొత్తం మీద ఆరోగ్యమెలా ఉంది, జీవితమెలా ఉంది అని 1 నుంచి 7 లోపు అంకె వేయమంటాయి. రొమ్ము క్యాన్సర్‌కని జతచేసే 23 ప్రశ్నల కాగితం వేరే ఉంది. చెయ్యి వాచిందా, ఎత్తగలుగుతున్నారా, జుట్టు పోయినందుకు బాధపడ్డారా, బట్టల్లేకుండా మిమ్మల్ని మీరు చూసుకోవడం కష్టంగా ఉందా అని అందులో అడుగుతారు.

ఇక్కడే నీ కథ దాగి ఉంది. చెయ్యి మునుపటంత లేవకపోయినా, ఏడాది తిరిగాక చాలామంది జీవితమెలా ఉందన్న ఆ ప్రశ్నకి ముందుకంటే పెద్ద అంకె వేస్తారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. కొలబద్దే మారిపోయింది. జాడీని పై అర నుంచి కింది అరకి దించుకున్న రోజు ఒకటుంటుంది. ఆ రోజు రాయి. నువ్వేమో దాన్ని వదిలేసి "పోరాట యోధురాలు" అని రాశావు. సంపాదకులకు అదే కావాలి, నాకు తెలుసు. రొమ్ము క్యాన్సర్ అవగాహన నెలని అక్టోబరు వస్తే గులాబీ రంగు కథ అడుగుతారు, చివర్లో నవ్వు ఉండాలంటారు, డ్రెయిన్, అదే గాయంలో నీరు బయటికి లాగే గొట్టం, దాని సంగతి రాస్తే పాఠకులకి రోత అని కొట్టేస్తారు. ఆపరేషనయ్యాక ఆ గొట్టంతో ఇంటికొచ్చి, రోజూ దాని చివరి బల్బులో చేరిన నీరు కొలగ్లాసులో వంచి, 24 గంటల్లో ఎంతొచ్చిందో కాగితం మీద రాసుకునే మనిషికి అది రోత కాదు. వరసగా రెండు రోజులు 30 మిల్లీలీటర్ల లోపుకి దిగితే మామూలుగా గొట్టం తీసేస్తారు. ఆ అంకె తగ్గడం కోసం ఇల్లంతా ఎదురుచూస్తుంది. కొట్టేయనివ్వకు.

తప్పులు కూడా చెప్పాలి. ఎర్ర మందు, అదే డాక్సోరూబిసిన్ అనే కీమో మందు, ఎక్కించిన మర్నాడే జుట్టు రాలదు, రెండు మూడు వారాలు పడుతుంది. మర్నాడు కనబడేది ఎర్రటి మూత్రం. ముందే ఎవరూ చెప్పకపోతే రక్తమనుకుని హడలిపోతారు. రొమ్ముకిచ్చే రేడియేషన్‌తో తల జుట్టు ఊడదు, ఆ పేరా తీసెయ్. దాని బదులు, చర్మం కమిలిన చోట పుస్తెలతాడు ఒరుసుకుంటుందని తీసి పక్కన పెట్టమన్నప్పుడు ఆమె ఏం చేసిందో రాయి. పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు వారం వారం 12 సార్లు ఎక్కాక వేళ్ళ కొసలు మొద్దుబారొచ్చు. అప్పుడు జాకెట్టు హుక్కు చేతికి దొరకదు, పూలు కట్టబోతే దారం జారిపోతుంది, కాలి చెప్పు ఊడిపోయినా తెలియదు. చివరి కీమోతో కథ ముగించావు. హార్మోను రకం గడ్డ అయితే ఆ తర్వాత రోజూ 20 మిల్లీగ్రాముల టామాక్సిఫెన్ మాత్ర, ఐదేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు. అర్ధరాత్రి ఒళ్ళంతా సెగలు కక్కి చెమటతో లేచి కూర్చుంటుంది. చుట్టాలేమో "తగ్గిపోయిందిగా" అంటారు.

అన్నిటికంటే పెద్ద లోపం, ఏ వైపు రొమ్ము తీశారో కథలో ఎక్కడా లేదు. అది లేకుండా ఏమీ లేదు. కుడివైపయితే గరిట, కలం, పిండి పిసకడం, బట్టలు పిండడం అన్నీ ఆ చేతి మీదే. ఎడమవైపయితే పైట ఆ భుజం మీదుగానే వెళ్తుంది, కొంత కప్పుతుంది. తీసేసిన రొమ్ము బదులు జాకెట్టు లోపల దూది కుక్కి కుట్టుకున్నదానికి బరువుండదు కనక పైకి జరిగిపోతుంది. నలుగురిలో మాటిమాటికీ పైట సర్దుకునేది అందుకే. చంక గ్రంథులు తీసేశాక నీరు దిగే దారి తగ్గిపోతుంది, ఆ చెయ్యి నెలలకో ఏళ్ళకో వాయొచ్చు. వాపు ముందు గాజుకి తెలుస్తుంది, నిన్నటిదాకా జారిన గాజు సాయంత్రానికి మణికట్టు మీద అచ్చు దిగుతుంది. తర్వాత జాకెట్టుకి. టైలరు దగ్గర ఆ ఒక్క చేతికే అంగుళం వదులు పెట్టమనాలి, ఎందుకో చెప్పకుండా.

వ్యాయామం కూడా రాయి. గోడకెదురుగా నిలబడి, వేళ్ళతో మెల్లగా పైకి పాకించి, అందినచోట పెన్సిలు గీత పెట్టుకుంటారు. వారం వారం గీత పైకెక్కాలి. పిల్లల ఎత్తు కొలిచిన గోడే అయితే, ఆ గీతల పక్కనే ఈ గీతలు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, పేరు మార్చుకోమంటారా అనీ అడిగావు. ముందు కథ తిరగరాయి. స్టూలు దగ్గర ఆమె ఎత్తింది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా? మళ్ళీ పంపేటప్పటికి మొదటి పేజీలోనే నాకది తెలియాలి.