ప్లేస్‌మెంట్ జీతం నమ్ముకుని రెండు రూపాయల వడ్డీకి వెళ్లకండి

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. చేతికి నెలకు 62,000 వస్తుంది. ఇంటి ఖర్చు 30,000. 5 లక్షల చీటీకి నెలకు 25,000 కడుతున్నాను. ఇంకో ఎనిమిది వాయిదాలున్నాయి, చివరిదాకా పాడకుండా ఉంచాను. ఎఫ్‌డీ 6 లక్షలుంది. మా అబ్బాయి బీటెక్ చేసి హైదరాబాద్‌లో 38,000 జీతానికి పని చేస్తున్నాడు. ఇంగ్లండ్‌లో, లండన్ బయట ఒక యూనివర్సిటీలో ఈ సెప్టెంబరుకి ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. రెండేళ్ల కోర్సు, రెండో ఏడు కంపెనీలో ప్లేస్‌మెంట్, అంటే చదువులో భాగంగా జీతానికి ఏడాది పని. ఫీజు మొదటి ఏడు 17,000 పౌండ్లు, రెండో ఏడు 2,000. ఇల్లు తనఖా పెట్టి బ్యాంకులో 10.5 శాతానికి 30 లక్షలు, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి 8 లక్షలు తీసుకుని, ఎఫ్‌డీ కూడా తీసేద్దామనుకుంటున్నాం. ప్లేస్‌మెంట్‌లో ఏడాదికి 24,000 పౌండ్లు వస్తాయని, అప్పు దాంతోనే తీరిపోతుందని కన్సల్టెన్సీవాళ్లు చెబుతున్నారు. డిపాజిట్ ఇంకా కట్టలేదు. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: మాస్టారూ, డిపాజిట్ కట్టకముందే అడిగి మంచి పని చేశారు. మీ అబ్బాయి చదువు మీద నాకే అభ్యంతరమూ లేదు. అభ్యంతరమల్లా ఆ 8 లక్షల మీద, తీసేద్దామనుకుంటున్న ఎఫ్‌డీ మీద. ఇంకా రాని జీతాన్ని ఆదాయంలో రాసుకుని, ఉన్న నిల్వంతా ఊడ్చి పంపడం ఈ ప్లేస్‌మెంట్ కోర్సులకు వెళ్లే చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటే.

ముందు మీ ఇంటి లెక్క చూడండి. జీతంలో ఇంటి ఖర్చూ చీటీ పోను మీకు మిగిలేది 7,000. బయటి అప్పు 8 లక్షలకు వడ్డీ నెలకు 16,000. బ్యాంకు డబ్బు మొత్తం తీసుకున్నాక 30 లక్షలకు 26,250. రెండూ కలిపి 42,250. అబ్బాయి విమానం ఎక్కగానే అతని జీతం కూడా ఆగిపోతుంది. మరి ఈ 42,250 ఎక్కడినుంచి వస్తుంది? ఇంకో చేబదులు. అది తీర్చడానికి మరో ప్రామిసరీ నోటు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, బ్యాంకు వడ్డీకి రెట్టింపు పైన. చదువు కోసం అలాంటి అప్పు ఎవరూ చేయకూడదు, మీరూ చేయొద్దు.

ఇప్పుడు ఆ 24,000 పౌండ్లు. ప్లేస్‌మెంట్ దొరికిందనే అనుకుందాం. అక్కడ మొదటి 12,570 పౌండ్ల మీద పన్ను లేదు. మిగిలిన 11,430 మీద 20 శాతం ఆదాయపు పన్ను, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ (అక్కడి సామాజిక భద్రత చందా), అంటే 3,200 పౌండ్లు పోతాయి. చేతికి నెలకు 1,733. లండన్ బయట బతకడానికి వీసావాళ్లు వేసే లెక్క నెలకు 1,171 పౌండ్లు. ఆ ఏడాది ఫీజు నెలకు 167. ఇక మిగిలేది 395 పౌండ్లు, పౌండు 120 రూపాయల చొప్పున 47,400. మీ రెండు అప్పుల వడ్డీకే 42,250 పోతుంది. ఉద్యోగం దొరికినా అసలు కదలదు, వడ్డీ మాత్రమే తీరుతుంది.

దొరక్కపోతే ఏమవుతుందో కన్సల్టెన్సీవాళ్లు మీకు చెప్పినట్లు లేదు. ప్లేస్‌మెంట్‌కు యూనివర్సిటీ హామీ ఇవ్వదు. సీవీ దిద్దుతారు, ఇంటర్వ్యూకి తయారు చేస్తారు, వెతుక్కోవాల్సింది విద్యార్థే. పెద్ద కంపెనీలు దరఖాస్తులు తీసుకునేది ఎక్కువగా సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపు. మనవాళ్లు సెప్టెంబరు చివర్లో దిగి, గది వెతుక్కుని, బ్యాంకు ఖాతా తెరిచి, రాత్రి షిఫ్టు పార్ట్‌టైమ్‌లో కుదురుకునేసరికి ఆ నెలలు గడిచిపోతాయి. రక్షణ రంగం లాంటి చోట్ల సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. అక్కడ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకే అది వస్తుంది కాబట్టి ఆ కంపెనీలు లెక్కలోకే రావు. దొరికిన పని చదువుకు సంబంధించినదని యూనివర్సిటీ ఒప్పుకోవాలి. మొదటి ఏడాది సబ్జెక్టులు మిగిలిపోతే చాలాచోట్ల పంపరు కూడా.

గడువులోగా దొరక్కపోతే కోర్సును ఏడాది కోర్సుగా మారుస్తారు, వీసా ఆఫీసుకు తెలియజేస్తారు, వీసా గడువు తగ్గిపోతుంది. ఆ తర్వాత అక్కడే ఉండి ఉద్యోగం వెతకాలంటే గ్రాడ్యుయేట్ వీసా కావాలి. ఫీజూ, అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టించుకునే హెల్త్ సర్‌ఛార్జీ కలిపి 2,400 పౌండ్లకు పైనే, ఒక్కసారిగా కట్టాలి. దగ్గర దగ్గర 2.9 లక్షలు. ఇక్కడ బ్యాంకుకు కూడా కోర్సు గడువే లెక్క. కోర్సు ముందే ముగిస్తే మారటోరియమూ (వాయిదాలు కట్టక్కర్లేని కాలం) ముందే ముగుస్తుంది, ఈఎంఐ ఏడాది ముందే మొదలవుతుంది. ఖర్చు పెరిగే రోజూ ఆదాయం ఆగే రోజూ ఒకటే అవుతాయి. అత్యవసర నిధి లేని ఇల్లు అప్పుడే కూలుతుంది.

అందుకని నా లెక్కలో ముందు నిధి, తర్వాతే టికెట్టు. ఆరు నెలల ఇంటి ఖర్చు 1.8 లక్షలు. ఆరు నెలల బ్యాంకు వడ్డీ 1.9 లక్షలు. అబ్బాయికి అక్కడ మూడు నెలల ఖర్చు 4.2 లక్షలు. పైన చెప్పిన వీసాకు 2.9 లక్షలు. మొత్తం 10.8 లక్షలు. ఇది ఎఫ్‌డీలో, సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. చీటీలోనో బంగారంలోనో ఉన్నది ఈ లెక్కకు రాదు.

ఇది ఈ సెప్టెంబరుకి కుదరదు. 2027 సెప్టెంబరుకి కుదురుతుంది. సీటు వాయిదా వేయమని అడగండి. చీటీ జనవరికల్లా అయిపోతుంది, కమీషన్ పోను 4.75 లక్షలు చేతికొస్తుంది. ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా నెలకు 32,000 మిగిలితే 2.24 లక్షలు. అబ్బాయి నెలకు 20,000 చొప్పున పక్కన పెడితే ఏడాదికి 2.4 లక్షలు. ఎఫ్‌డీ 6 లక్షలు ముట్టుకోవద్దు. చీటీ డబ్బు వదిలేసి ఈ మూడూ కలిపితే 10.64 లక్షలు. 10.8కి కాస్త తక్కువే అయినా మీ నిధి ఇదే.

చదువు ఖర్చు వేరుగా చూద్దాం. మొదటి ఏడు ఫీజు, పన్నెండు నెలల ఖర్చు, రెండేళ్ల కోర్సుకు హెల్త్ సర్‌ఛార్జీ 1,940 పౌండ్లు, వీసా, టికెట్టు కలిపి సుమారు 41 లక్షలు. ఇల్లు తనఖా పెట్టే పనే అయితే బ్యాంకునే 36 లక్షలు అడగండి, మిగతాది చీటీ డబ్బు. మంజూరైనా తీసుకోని డబ్బుకు వడ్డీ పడదు కాబట్టి ఫీజు వాయిదాలను బట్టి విడతలుగా తీసుకోండి. 36 లక్షలూ తీసుకున్నాక వడ్డీ నెలకు 31,500, చీటీ లేని మీ జీతంలో అంచులకు సరిపోతుంది. ఆ వడ్డీ నెలనెలా కట్టేయండి. కడితే పదేళ్ల ఈఎంఐ 48,600 దగ్గర ఉంటుంది. రెండున్నరేళ్లు కట్టకుండా వదిలేస్తే 61,300 అవుతుంది. ఫీజు వచ్చే ఏడాది కొంత పెరగొచ్చు, అయినా 24 శాతం వడ్డీ కంటే అది చౌకే.

వాయిదా వేస్తే వీసా నష్టమేమీ లేదు. 2027 జనవరి 1 తర్వాత దరఖాస్తు చేసే ఎమ్మెస్సీవాళ్లకు గ్రాడ్యుయేట్ వీసా 18 నెలలే. మీ అబ్బాయి ఈ ఏడాది వెళ్లినా, వచ్చే ఏడాది వెళ్లినా దాని కిందికే వస్తాడు. పైగా ఇంకో ఏడాది ఉద్యోగ అనుభవం ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో పనికొస్తుంది.

వీసా కోసం ఖాతాలో వరసగా 28 రోజులు ఉన్నట్టు చూపించడానికి డబ్బు సర్దుతామని కన్సల్టెన్సీవాళ్లు అంటే అక్కడితో ఆపేయండి. ఫీజుకూ తొమ్మిది నెలల ఖర్చుకూ కలిపి మీరు చూపించాల్సింది 27,539 పౌండ్లు, సుమారు 33 లక్షలు. అబ్బాయి పేరుతో బ్యాంకు ఇచ్చే 36 లక్షల లోన్ లెటరే సరిపోతుంది, దానికి 28 రోజుల షరతు లేదు. తప్పుడు కాగితం బయటపడితే పదేళ్లు నిషేధం.

అబ్బాయి పేరు మీద అప్పుకు సమానంగా టర్మ్ జీవిత బీమా పాలసీ ఇక్కడ ఉండగానే తీసుకోండి, తనఖాలో ఉన్నది మీ ఇల్లు. చదువు అప్పుకు కట్టే వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు (ఇదివరకటి 80ఈ) పాత పన్ను విధానంలోనే వస్తుంది. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండ్ ఉంది, అబ్బాయికి ఇష్టమైతే అదీ చూడండి.

యూనివర్సిటీకి ఈ వారమే మెయిల్ పంపించండి. 2027 సెప్టెంబరుకి వాయిదా ఇస్తారా, ఫీజు ఎంత, ప్లేస్‌మెంట్ ఖాయం చేసుకోవడానికి ఆఖరి తేదీ ఏది, గత ఏడాది ఈ కోర్సులో ఎంతమంది వెతికితే ఎంతమందికి దొరికింది అని అడగండి. చివరి ప్రశ్నకు అంకె రాకపోతే డిపాజిట్ కట్టకండి.