ఒకే క్రూజ్ కంపెనీ, రెండు ఓడలు: అనుభవం ఎందుకు వేరు?

హనుమకొండ నుంచి ఒకరు అడిగారు: "మా బావమరిది వాళ్లు రాయల్ కరీబియన్ ఓడెక్కి వచ్చి తెగ పొగిడారు. అదే కంపెనీలో మేం అమ్మానాన్నలను తీసుకెళ్తే అలాగే ఉంటుందా?"

ఉండాలని లేదు. ఉప్పల్ వెళ్లే సూపర్ లగ్జరీ, ఏటూరునాగారం వెళ్లే పల్లెవెలుగు రెండూ ఆర్టీసీవే కదా! ఈ కంపెనీదే 1996 నాటి గ్రాండియర్ ఆఫ్ ద సీస్‌లో దాదాపు 2,000 మంది పడతారు. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ద సీస్‌కు 20 అంతస్తులు, కిక్కిరిస్తే 7,600 మంది. అందులో వాటర్ స్లైడ్లు, ఐస్ షో, పిల్లలకు పండగే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం గది నుంచి భోజనానికి నడవడమే ఓ ప్రయాణం. వాళ్లకు చిన్న ఓడే హాయి అంటాను. పైగా పెద్ద ఓడలు పట్టని రేవుల్లోకీ అది వెళ్తుంది.

ఇక గది. ఓడ ముందు కొసన, పై అంతస్తులో ఊపు ఎక్కువ. మధ్యలో, కింది డెక్కులో తక్కువ. అలలు లేచిన రోజు పైన ఒకాయన వాంతులతో మంచం దిగడు, కింద ఇంకొకాయన రెండో ప్లేటు తెచ్చుకుంటుంటాడు.

సీజన్ సంగతి సరేసరి, స్కూళ్ల సెలవుల్లో స్విమ్మింగ్ పూల్ అంటే జాతరనాటి జంపన్నవాగే. సిబ్బందీ నెలల కాంట్రాక్టు మీద మారుతుంటారు. మీ బావమరిది మెచ్చిన వంటవాడు ఇప్పుడు వేరే ఓడలో ఉండొచ్చు. డబ్బు కట్టేముందు ఏజెంటును ఓడ పేరు, ఏ అంతస్తులో ఏ గది ఉందో చూపే డెక్ ప్లాన్ అడగండి.