మార్చి ఎండింగ్ ఉత్తరాలు

జనవరి ఒకటిన డైరీలు పంచుకుంటాం, ఉగాదికి పచ్చడి తింటాం. కానీ మనదేశంలో ఉద్యోగికైనా వ్యాపారికైనా చెమటలు పట్టించే సంవత్సరాంతం మార్చి 31. 2026లో ఉగాది మార్చి 19న పడింది, దాని వెనకాలే రంజాన్, శ్రీరామనవమి, కాబట్టి నెలాఖరులో పనిదినాలు మీరు అనుకున్నన్ని ఉండవు. రాబోయేది పరాభవ నామ సంవత్సరమని ఒకరిద్దరు దిగులుగా రాశారు. పేరుదేముందండీ, 31వ తేదీ రాత్రి దాకా చేతులు ముడుచుకు కూర్చుంటే ఏ ఏడాదైనా పరాభవమే. ఏళ్ల తరబడి ఆడిటర్ గారి ఆఫీసులో లెక్కలు రాసినదాన్ని కాబట్టి తెలిసిన మేరకు చెబుతున్నాను. పెద్ద మొత్తాల దగ్గర మాత్రం మీ ఆడిటర్‌ని అడగకుండా అడుగు వేయకండి.

ప్రశ్న: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి జీతం 12 లక్షల 40 వేలు. జనవరిలో హెచ్‌ఆర్ వాళ్లు ప్రూఫ్‌లు అడిగితే బద్ధకించి ఇవ్వలేదు. బాబాయి వరసయ్యే ఏజెంటు ఒకాయన ఈ నెలలోపు లక్షన్నర పాలసీ కట్టకపోతే పన్ను వాచిపోతుందంటున్నాడు. కట్టనా?

జవాబు: వద్దు. ముందు పే స్లిప్ తీసి మీరు కొత్త పన్ను విధానంలో ఉన్నారో పాతదాంట్లో ఉన్నారో చూడండి. మీరేమీ ఎంచుకోకపోతే కొత్తదే అవుతుంది. 2025–26కి కొత్త విధానంలో పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల కట్టేది సున్నా. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది కాబట్టి 12 లక్షల 75 వేల జీతం దాకా భయం లేదు, మీరు లోపలే ఉన్నారు. పైగా ఆ విధానంలో 80సి (పాలసీల్లాంటి పొదుపుకు ఇచ్చే పన్ను మినహాయింపు) అనేదే లేదు. ఆ పాలసీ వల్ల మీ పన్నులో ఒక్క రూపాయి తగ్గదు, బాబాయి గారి టార్గెట్ మాత్రం పూర్తవుతుంది.

మీరు అడగని సంగతి ఒకటుంది, నాకు అసలు టెన్షన్ అక్కడే. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందా? దాని మీద ఏడాదికి 60 వేల వడ్డీ వచ్చిందనుకుందాం. మొత్తం 13 లక్షలైంది, 75 వేలు తీసేస్తే 12 లక్షల 25 వేలు. గీత దాటేశారు. స్లాబుల ప్రకారం లెక్కేస్తే 63,750 రూపాయలు రావాలి, కానీ దాటింది 25 వేలే కాబట్టి మార్జినల్ రిలీఫ్ కింద పన్ను ఆ 25 వేల దగ్గరే ఆగుతుంది, సెస్సుతో 26 వేలు. అంటే పరిమితి దాటి సంపాదించిందంతా పన్నుకే పోతుంది. ఇది జూలైలో రిటర్ను వేసేటప్పుడు తెలిసి గుండె పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఈ రోజే ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో ఏఐఎస్ (మీ ఆదాయాల వివరాల పట్టిక) తెరిచి, మీ పాన్ మీద ఏ బ్యాంకు ఎంత వడ్డీ చూపించిందో చూసుకోండి. షేర్లు అమ్మి లాభాలు తీసుకుంటే వాటి మీద ప్రత్యేక రేటుతో పడే పన్నుకు ఈ రిబేటు వర్తించదు, అదీ గుర్తుంచుకోండి.

పాత విధానమే మీకు లాభం అనుకుంటే (ఇంటి లోను వడ్డీ, హెచ్‌ఆర్‌ఏ అనే ఇంటి అద్దె భత్యం గట్టిగా ఉన్నవాళ్లకే అలా కుదురుతుంది), ప్రూఫ్ ఇవ్వలేదని కంగారు పడొద్దు. రిటర్నులో చూపించి, ఎక్కువ కోసింది వెనక్కి తెచ్చుకోవచ్చు. కాకపోతే డబ్బు కట్టడం మాత్రం మార్చి 31లోపే జరగాలి. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి ఓనరు పాన్ ఆఫీసువాళ్లు అడుగుతారు, దాని కోసం ఆయన వెంట ఇప్పటి నుంచే పడండి.

ప్రశ్న: తెనాలిలో కిరాణా కొట్టు, మామూలు జీఎస్టీలోనే ఉన్నాం. ఏటా మార్చిలో ఆడిటర్ గారు స్టాకు ఎంతుందంటే నోటికొచ్చిన అంకె చెప్పేస్తున్నాను. తప్పా?

జవాబు: తప్పే, అందులోనూ నష్టం మీకే. స్టాకు ఎక్కువ చెబితే రాని లాభానికి పన్ను కడతారు, తక్కువ చెబితే రేపెప్పుడో నోటీసు వచ్చినప్పుడు జవాబుండదు. 31వ తేదీ రాత్రి కొట్టు ఓ గంట ముందే మూసి, మీరొకరు, కుర్రాడొకడు, ఒకరు లెక్కపెట్టడం ఇంకొకరు రాయడం, అంతే. చిల్లర సరుకు మరీ ఎక్కువైతే 29 నుంచే ఒక్కో అర పూర్తి చేసుకుంటూ రండి. లెక్కపెట్టిన తర్వాత ఆ అరలోంచి అమ్మింది మాత్రం పక్కన రాసుకోవాలి. విలువ కట్టేటప్పుడు కొన్న ధర వేయండి, ఎంఆర్‌పీ కాదు.

డేటు అయిపోయిన బిస్కెట్లు, పురుగు పట్టిన పప్పు బయటపడేది కూడా ఆ రాత్రే. పారేసిన సరుకు మీద మీరు తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి వచ్చే తగ్గింపు) వెనక్కి కట్టాలి. ఇది కిరాణావాళ్లలో నూటికి తొంభై మందికి పట్టదని నా అనుమానం. కంపెనీ వెనక్కి తీసుకునే సరుకైతే ఇప్పుడే పంపి క్రెడిట్ నోటు రాయించుకోండి.

తర్వాత కొనుగోళ్లు. మీ బిల్లుల కట్టను జీఎస్టీఆర్-2బితో (మీకు అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లుల పట్టిక) పోల్చండి. హోల్‌సేలరు తన రిటర్నులో ఎక్కించని బిల్లుకు మీకు క్రెడిట్ రాదు. 2025–26 బిల్లుల క్రెడిట్ తీసుకోవడానికి 2026 నవంబరు 30 దాకా గడువుంది, నిజమే. కానీ ఎక్కించని హోల్‌సేలరుకు ఫోన్ చేయాల్సింది మార్చిలో, మీ దగ్గర అతనికి ఇవ్వాల్సిన బాకీ ఉండగానే. ఏప్రిల్ 1 నుంచి బిల్లు నంబర్లు కొత్త వరసలో మొదలవ్వాలి, సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ముందే చెప్పి పెట్టండి. మీ టర్నోవరు కోటిన్నర లోపుంటే, కాంపోజిషన్‌లోకి (టర్నోవరు మీద కొద్ది శాతం కట్టేసే పద్ధతి) వెళ్లాలనే ఆలోచన ఉంటే, ఆ దరఖాస్తు కూడా మార్చి 31 లోపే పెట్టాలి.

ఇక అరువు పుస్తకం. అది మీ వీధి వ్యవహారం, నాకంటే మీకే బాగా తెలుసు. ఉగాది ముందు అడిగితే కొందరైనా ఇస్తారు.

ప్రశ్న: జీడిమెట్లలో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ మాది, ఉద్యం (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉంది. ఒక పెద్ద కంపెనీ సెప్టెంబరులో తీసుకున్న సరుకుకి ఇప్పటిదాకా డబ్బు ఇవ్వలేదు. పర్చేజ్ ఆర్డరులో 90 రోజులని రాసుకున్నారు, అదీ దాటిపోయింది. గట్టిగా అడిగితే ఆర్డరు పోతుందని భయం.

జవాబు: మీ భయం అర్థమవుతుంది. కానీ ఏడాది మొత్తంలో మీ చెయ్యి పైన ఉండేది ఈ నెలలోనే. ఎందుకంటే సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని చట్టం. ఆర్డరులో 90 అని రాసుకున్నా 45 దాటి చెల్లదు. గడువు దాటి, మార్చి 31కి కూడా కట్టకపోతే ఆ కొనుగోలును వాళ్లు ఈ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు. మీ బాకీ 8 లక్షలైతే వాళ్ల లాభంలో ఆ 8 లక్షలు కలిసి దాని మీద పన్ను కట్టాలి, మీకు డబ్బిచ్చిన ఏడాదిలో మాత్రమే అది ఖర్చు కిందికొస్తుంది. పర్చేజ్ మేనేజరుకు ఇది పట్టదు, అకౌంట్స్ హెడ్‌కు నిద్ర పట్టనివ్వదు. కాబట్టి ఉత్తరం ఆయనకు రాయండి. గొడవగా కాదు, మామూలు బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటరులా: ఈ తేదీల బిల్లులు, ఇంత బాకీ, మా ఉద్యం సర్టిఫికెట్ జతచేశాం, మీ లెక్కతో సరిచూసి చెప్పండి. మార్చి 10లోపు ఈమెయిల్ వెళ్లాలి. చివరి వారంలో వాళ్ల దగ్గర ఇలాంటివి గుట్టలుగా పడతాయి.

ఆలస్యానికి రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ, అడిగే హక్కు మీకుంది. ఎవరూ అడగరు, నేనూ మొదటి ఉత్తరంలో అడగమనను. అప్పటికీ కదలకపోతే చిన్న సంస్థల బాకీల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్లో ఫిర్యాదు చేయొచ్చు. ఒక షరతు: ఇదంతా తయారీదారులకు, సేవలందించేవాళ్లకే, సరుకు కొని అమ్మే వర్తకులకు ఈ రక్షణ లేదు. మీరు కూడా ఇంకో చిన్న యూనిట్ దగ్గర జిగురో ప్రింటింగో చేయించుకుని బాకీ పడి ఉంటే ఇదే నియమం మీకూ తగులుతుంది, అది కూడా చూసుకోండి.

ప్రశ్న: హనుమకొండలో సొంత డెంటల్ క్లినిక్. ఏడాదికి 38 లక్షల దాకా వస్తుంది, సగం లాభంగా చూపించే పద్ధతిలో రిటర్ను వేస్తాను. పన్ను తగ్గడానికి మార్చిలో కొత్త డెంటల్ చెయిర్ కొనమని సప్లయరు అంటున్నాడు.

జవాబు: చెయిరు అవసరమైతే కొనండి డాక్టరు గారూ, పన్ను కోసమైతే కొనకండి. మీరున్న పద్ధతిలో వచ్చినదాంట్లో 50 శాతం లాభమని ఒప్పుకున్నాక, తరుగుదలతో సహా అన్ని ఖర్చులూ మిగతా సగంలోనే కలిసిపోయినట్టు లెక్క. కొత్త చెయిరు వల్ల విడిగా తగ్గేదేమీ లేదు. పుస్తకాలు రాసేవాళ్లకైనా 180 రోజుల కంటే తక్కువ వాడిన పరికరానికి ఆ ఏడాది సగం తరుగుదలే ఇస్తారు. మీకు ముఖ్యమైన తేదీ మార్చి 15: ఈ పద్ధతిలో ఉన్నవాళ్లు అడ్వాన్స్ ట్యాక్స్ మొత్తం ఒకే వాయిదాలో అప్పటికి కట్టేయాలి. 2026లో అది ఆదివారం, కాబట్టి శుక్రవారమే పని ముగించుకోండి. బయోమెడికల్ వ్యర్థాల వార్షిక నివేదిక జూన్ 30కి, దానికింకా టైముంది.

ప్రశ్న: కొత్తగా రెవెన్యూ శాఖలో చేరాను. అందరికీ మార్చిలో ముగుస్తుంటే మా సీనియర్లు జూన్ అంటారేమిటి?

జవాబు: వాళ్లు చెప్పేది ఫసలీ. ఫసల్ అంటే పంట. అక్బరు కాలం నాటి లెక్క, జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. 2025 జూలైలో మొదలైనది ఫసలీ 1435, దానికి 590 కలిపితే మొదలైన ఏడాది 2025 వస్తుంది. గ్రామ లెక్కలు తనిఖీ చేసే జమాబందీ ఈ ఫసలీ ప్రకారమే. మీ జీతం బిల్లు, ఆఫీసు బడ్జెట్ మాత్రం మార్చి ప్రకారమే నడుస్తాయి, కాబట్టి మీకు రెండు సంవత్సరాంతాలు, అభినందనలు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. గుంటూరులో ఎన్ఆర్ఈ (విదేశాల్లో ఉండే మనవాళ్ల ఖాతా) డిపాజిట్లు ఉన్నాయి. ఇండియాలో వడ్డీకి పన్ను లేదు కదా, మార్చిలో మేం చేయాల్సిందేమైనా ఉందా?

జవాబు: ఇండియాలో పన్ను లేదు, అమెరికాలో ఉంది. చాలామంది మనవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే. అక్కడి లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా, కాబట్టి మన బ్యాంకు ఇచ్చే ఏప్రిల్–మార్చి వడ్డీ సర్టిఫికెట్ నేరుగా పనికిరాదు. 2025 జనవరి నుంచి డిసెంబరు స్టేట్‌మెంట్ విడిగా తెప్పించుకోండి. ఏడాదిలో ఏ రోజైనా అమెరికా బయటి ఖాతాలన్నింటిలో కలిపి 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (ఆ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం) వేయాలి. దానికి గడువు ఏప్రిల్ 15, అది దాటితే అక్టోబరు 15 దాకా దానంతటదే పొడిగింపు ఉంటుంది.

ప్రశ్న: పంచాయతీరాజ్ రోడ్డు పని నవంబరులో పూర్తిచేశాను. బిల్లు మార్చిలో పడుతుందని ఆఫీసులో అంటున్నారు. మూడు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెచ్చి కూలీలకిచ్చాను. ఇంకో పని తీసుకోవడానికి మళ్లీ అప్పు చేయనా?

జవాబు: బాబూ, మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 15 వేలు, ఏడాదికి నూటికి 36. మార్చి మీద ఆశతో ఇంకో రూపాయి తేవద్దు. బడ్జెట్‌లో ఖర్చు కాని డబ్బు మార్చి 31తో మురిగిపోతుంది కాబట్టి ఆఫీసులన్నీ చివర్లో బిల్లులు తోసేస్తాయి, ట్రెజరీలో వరస పెరుగుతుంది, కొన్ని పడతాయి, కొన్ని ఏప్రిల్‌కి వెళ్లిపోతాయి. అది మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది ఒకటే, కాగితం ఎక్కడ ఆగిందో కనుక్కోవడం. ఎం-బుక్‌లో (పని కొలతల పుస్తకం) కొలతలు రాశారా? పై అధికారి చెక్ మెజర్‌మెంట్ చేశారా? క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు వచ్చిందా? బిల్లు ట్రెజరీకి చేరి నంబరు పడిందా? మొదటి మెట్టు దగ్గరే ఆగి ఉంటే, ట్రెజరీలో డబ్బుల్లేవన్న మాట నమ్మి ఇంట్లో కూర్చోవడం దండగ. రేపు ఉదయమే వెళ్లి ఎం-బుక్ పేజీ కళ్లారా చూసి రండి.

బిల్లు పడినప్పుడు ఇన్‌కమ్ ట్యాక్స్ కింద 1 శాతం, ఒప్పందం విలువ రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ టీడీఎస్ 2 శాతం కోసుకుంటారు. ఆ రెండూ మీ డబ్బే. జీఎస్టీది పోర్టల్లో మీరు అంగీకరిస్తేనే మీ క్యాష్ లెడ్జరులోకి వస్తుంది, ఆదాయపు పన్నుది జూన్‌లో 26ఏఎస్‌లో (మీ పాన్ మీద కోసిన పన్నుల పట్టిక) కనిపించాలి. కనిపించకపోతే మీ పాన్ నంబరు తప్పు కొట్టారేమో ఆఫీసులో అడగండి. వడ్డీకిచ్చినాయన దగ్గర ఇప్పటిదాకా కట్టినదానికి చీటీ రాయించుకున్నారా? లేకపోతే అదీ ఈ వారమే.