‘రెన్యూవబుల్ ఎనర్జీ’ సీటు కొనాలా, ఈఈఈలో చేర్చాలా?

ప్రశ్న: సార్, మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. రొయ్యల గుంటలున్నాయి. మా పాప ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, ఈఏపీసెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. వాతావరణ మార్పు మీద పనిచేస్తా, సోలార్, విండ్ చదువుతా అంటోంది. బయటి రాష్ట్రం కాలేజీ వాళ్ళు రోజూ ఫోన్ చేసి, బీటెక్ రెన్యూవబుల్ ఎనర్జీలో సీటుంది, నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అంటున్నారు. మా బావమరిదేమో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) తప్ప ఏదీ వద్దంటాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఫోన్ల సంగతి తేల్చేద్దాం. ఆ సీటు వద్దు. చదువు చెడ్డదని కాదు, డిగ్రీ మీద పడే పేరుతోనే చిక్కు. రేపు ట్రాన్స్‌కోలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పోస్టులు పడితే ఎలక్ట్రికల్ డిగ్రీ ఉందా అని చూస్తారు. కొన్నేళ్ళ కిందట ఇలాంటి కొత్త పేరున్న కోర్సులో ఒకబ్బాయిని నేనే చేర్పించాను. అది ఎలక్ట్రికల్‌తో సమానమని రాయించుకోవడానికి వాడు ఏడాదిపాటు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఇప్పటికీ కనపడితే నవ్వుతూనే పలకరిస్తాడు గానీ, నాకే మొహం చెల్లదు.

ఈఈఈలో, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్‌లో చేర్చండి. ఎందుకో మీ గుంటలే చెబుతాయి. రాత్రి రెండింటికి కరెంటు పోతే టార్చి పట్టుకుని గట్టు మీదికి పరిగెత్తేది మీరే కదా అన్నా. జనరేటర్ అందుకుని, నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు మళ్ళీ తిరిగేదాకా ప్రాణం కుదుటపడదు. పగలు నీళ్ళలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రయితే అదీ ఆక్సిజన్ పీల్చుకునేదే. అందుకే తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) పడిపోతుంది. అంటే మీకు కరెంటు ఎక్కువ అవసరమయ్యేది సూర్యుడు లేనప్పుడు. గట్టు పొడవునా సోలార్ పలకలు పరిచినా, దాచుకునే బ్యాటరీ లేకపోతే ఆ వేళకు అవి ఉత్త అద్దాలే.

దేశానిదీ ఇదే అవస్థ. బొగ్గు, గ్యాస్ లాంటివి కాని విద్యుత్ కేంద్రాలు 2025 నాటికి మన స్థాపిత సామర్థ్యంలో, అంటే అన్ని కేంద్రాలూ కలిపి తయారుచేయగల కరెంటులో, సగానికి చేరాయి. కానీ ఏడాది పొడవునా నిజంగా తయారయ్యే కరెంటులో మూడింట రెండొంతుల పైన ఇంకా బొగ్గుదే. కృష్ణపట్నం పక్కన నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడు కట్టుకున్నాం, పొద్దుగూకాక వాటి అవసరం ఇంకా తీరలేదు. పలకలు బిగించే పని ఐటీఐ, డిప్లొమా పిల్లలు చేస్తారు. వాళ్ళకోసం 600 గంటల సూర్యమిత్ర శిక్షణ ఉంది. మధ్యాహ్నం మిగిలిన కరెంటును రాత్రికి దాచడం, గ్రిడ్ తూలిపోకుండా పట్టుకోవడం, అదీ ఇంజనీరు పని. దానికి పవర్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్ గట్టిగా రావాలి. ఆ రెండూ ఈఈఈలోనే నేర్పుతారు.

మీ బావమరిది మాటలో సగం నిజముంది. సోలార్, విండ్ ప్లాంట్లు రేపు ఎంత కరెంటు ఇస్తాయో పావుగంటకొక అంకె చొప్పున, రోజుకు 96 అంకెలు ముందే చెప్పాలి. అది లెక్కలూ ప్రోగ్రామింగూ తెలిసినవాళ్ళు చేసే పని. కాబట్టి రెండో ఏడాది నుంచే పాపను పైథాన్ నేర్చుకోమనండి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ వాళ్ళంత రాకపోవచ్చు, అది ఇప్పుడే అనుకుని ఉండండి.

పాపకు పాలసీ మీద మోజుంటే అదీ మంచిదే, కానీ ఇంజనీరింగ్ తర్వాత. ఒక ఉదాహరణ చెబుతాను. 2023లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు మార్చి, ఎండ ఉండే ఎనిమిది గంటల్లో కరెంటు ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలంది. వ్యవసాయానికి ఇది వర్తించదు. పగలు వాడేవాళ్ళకు ఇది లాభం, రాత్రి ఏరియేటర్లు తిప్పే మీలాంటి వాళ్ళకు ఏమిటి? ఆక్వా జోన్ (ప్రభుత్వం చేపలు, రొయ్యల సాగుకు గుర్తించిన ప్రాంతం) లోపలా బయటా కరెంటు రేటు కోసం మన దగ్గర ఎంత గొడవ నడిచిందో మీకు నేను చెప్పాలా? ఇలాంటివి కరెంటు ధరలు నిర్ణయించే ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) బహిరంగ విచారణలో తేలతాయి. అక్కడ మామూలు వినియోగదారుడు కూడా మాట్లాడవచ్చు. సెలవుల్లో పాపను ఒకసారి విననివ్వండి.

బీటెక్ అయ్యాక గేట్ రాస్తే బొంబాయి, ఢిల్లీ ఐఐటీల్లో ఎనర్జీ సైన్స్ ఎంటెక్ ఉంది. హైదరాబాద్ ఐఐటీలో వాతావరణ మార్పు మీద ప్రత్యేక విభాగమే ఉంది. ఉద్యోగంలో చేరితే, మూడేళ్ళ అనుభవంతో కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) పెట్టే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయవచ్చు.

కౌన్సెలింగ్‌కు ఇంకా టైముంటే పాపకొక పని చెప్పండి. నెల రోజులు మీ గుంటల దగ్గర కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది, జనరేటర్ ఎన్ని లీటర్ల డీజిల్ తాగింది, ఓ నోటుబుక్కులో రాయమనండి. ఆ లెక్క చేతిలో పెట్టుకుని, రాత్రంతా ఏరియేటర్లు తిరగాలంటే ఎంత బ్యాటరీ కావాలో, దాని ఖర్చు ఎన్నాళ్ళకు తిరిగొస్తుందో కట్టమనండి. విసుక్కోకుండా చివరిదాకా కడితే మాత్రం, మీ బావమరిదికి నేను ఫోన్ చేస్తాను.