టెక్ సందేహాలు: ఓటీపీ రాలేదు, డబ్బు మాత్రం పోయింది

ఈసారి బ్యాటరీ, స్టోరేజీ, అప్‌డేట్ల ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను. ఆధార్ నంబరు, ఆధార్ జిరాక్స్, ఆధార్ వేలిముద్ర... ప్రతి వారం ఇదే ఫిర్యాదు రూపం మార్చుకుని వస్తోంది. కొందరికి విడిగా జవాబు రాశాను కూడా. అయినా ఆగడం లేదు కాబట్టి కాలమ్ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, మా నాన్నగారి ఖాతాలోంచి వరసగా రెండు రోజులు పదేసి వేలు పోయాయి. ఆయనది బటన్ ఫోన్. ఏటీఎం కార్డు కూడా తీసుకోలేదు. ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, అసలు ఓటీపీయే రాలేదు. బ్యాంకులో అడిగితే 'వేలిముద్ర పడింది, మీ నాన్నగారే తీసుకుని ఉంటారు' అంటున్నారు. ఈమధ్య పొలం రిజిస్ట్రేషన్‌కి తప్ప ఆయన ఎక్కడా వేలిముద్ర వేయలేదు. ఇదెలా జరుగుతుంది? (కందుకూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇది చదవగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తర్వాత బ్యాంకుకు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి. తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఎవరో మోసం చేసినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేస్తే ఖాతాదారు మీద భారం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. తప్పు ఖాతాదారుదేనని నిరూపించాల్సింది కూడా బ్యాంకే. 'మీ నాన్నగారే తీసుకుని ఉంటారు' అనే మాట నిరూపణ కాదు. ఏ ఊళ్లో, ఏ ఏజెంటు మెషిన్ మీద ఆ డబ్బు తీశారో చెప్పమని అడగండి. ఆ రోజు మీ నాన్నగారు ఎక్కడున్నారో మీకు తెలుసు కదా.

ఇక ఎలా జరుగుతుందన్నది. ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో, అంటే బ్యాంకు మిత్ర దగ్గరో కిరాణా కొట్లోనో ఉండే చిన్న మెషిన్ మీద, కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. అంతే. ఒక్కోసారికి పది వేల దాకా వస్తుంది. ఏటీఎం దాకా వెళ్లలేని ముసలివాళ్లకు, కూలి డబ్బులు తీసుకునేవాళ్లకు ఇది నిజంగా మేలు చేసింది, కాదనను. కానీ ఆ మూడింటిలో దొంగకు కష్టమైనది ఏది? నంబరు ఏ జిరాక్స్ మీదైనా ఉంటుంది. బ్యాంకు పేరు ఊహిస్తే దొరుకుతుంది. మిగిలింది వేలిముద్ర. అది మన ఆస్తి దస్తావేజుల మీద నల్లటి ఇంకుతో స్పష్టంగా ఉంటుంది.

ఇది నా ఊహ కాదు. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల దుకాణం నడిపే వ్యక్తి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజులు దింపుకుని, వాటి మీది వేలిముద్రలను రబ్బరు స్టాంపులు చేసే మెషిన్‌తో తయారుచేసుకుని, జనం పేర్ల మీద వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. అతను పెద్ద హ్యాకర్ కాదు. సెంట్రల్ సర్వర్ జోలికే పోలేదు. 'మా డేటాబేస్ భద్రం' అని అధికారులు చెప్పే మాట నిజమే అనుకున్నా, అతనికి ఆ డేటాబేస్‌తో పనే పడలేదు. తర్వాత ఇదే కిటుకు బ్యాంకు ఖాతాల మీదికి వచ్చింది. మెషిన్ మీద పెట్టింది సజీవమైన వేలా, రబ్బరా అని చూసే పరీక్షను 2023లో ఆధార్ సంస్థ కట్టుదిట్టం చేసింది. మంచిదే. అయినా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. కార్డు పోతే బ్లాక్ చేసి కొత్తది తెచ్చుకుంటాం. వేలిముద్ర ఒకసారి బయటికి పోయిందంటే మీ నాన్నగారికి ఇంకో వేలు మొలవదు. జీవితాంతం మార్చలేని దాన్ని తీసుకొచ్చి డబ్బు తీసే తాళంచెవిగా పెట్టారు. అదే వేలిని రిజిస్ట్రేషన్ ఆఫీసులో, రేషన్ షాపులో, సిమ్ కొట్లో అందరి ముందూ వేయిస్తున్నారు.

చేయగలిగింది ఒకటుంది, బయోమెట్రిక్ లాక్. ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ పెట్టుకోవచ్చు. పెట్టాక వేలిముద్ర, కంటిపాప, ముఖం ఏదీ పనిచేయదు. రేషన్‌కో పింఛనుకో వేలు వేయాల్సినప్పుడు కొద్దిసేపు తెరుచుకోవచ్చు, మళ్లీ దానంతటదే మూసుకుంటుంది. గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ని ఎక్కడెక్కడ వాడారో చూపించే చిట్టా కూడా అక్కడే ఉంటుంది. మీ నాన్నగారిది ఇవాళే తెరిచి చూడండి. ఆధార్‌తో డబ్బు తీసే సదుపాయం వద్దనుకుంటే, ఖాతాకు ఆపేయమని బ్యాంకుకు దరఖాస్తు ఇవ్వండి.

అయితే ఆ లాక్ వేయాలంటే ఆధార్‌కి లింకైన మొబైల్‌కి ఓటీపీ రావాలి. నంబరు లింక్ కాని వాళ్లు, ఎప్పుడో లింక్ చేసిన సిమ్ పోగొట్టుకున్న వాళ్లు ఏం చేయాలి? ముందు నంబరు మార్పుకి దరఖాస్తు పెట్టి, డబ్బు కట్టి, కొత్త నంబరు నమోదయ్యేదాకా ఆగాలి. ఎవరికి ప్రమాదం ఎక్కువో వాళ్లకే తాళం అందదు. పుట్టుకతోనే తలుపు బార్లా తెరిచిపెట్టి, కావాలంటే మీరే మూసుకోండి అనడం బాధ్యత లేని డిజైన్. మొదట మూసే ఉండాలి. కావాల్సినవాళ్లు బ్యాంకులో సంతకం పెట్టి తెరిపించుకోవాలి. డెబ్భై ఏళ్ల రైతు యాప్ వేసుకుని సెట్టింగులు వెతుక్కోవాలని ఆశించకూడదు.

ప్రశ్న: అన్నా, అమీర్‌పేటలో కోచింగ్ కోసం హాస్టల్‌లో చేరుతున్నా. ఆధార్ రెండు వైపులా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమంటున్నారు. మీద 'హాస్టల్ కోసం మాత్రమే' అని రాసి పంపితే సరిపోతుందా? (నల్గొండ)

జవాబు: రాయండి తమ్ముడూ, కొంత నయం. అంతకంటే మంచిది మాస్క్‌డ్ ఆధార్. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఆ గడిలో టిక్ పెడితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు, చివరి నాలుగే ఉంటాయి. హాస్టల్‌వాళ్లకు మీరెవరో తెలియడానికి అది చాలు.

ఆ పీడీఎఫ్ మాత్రం జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో తెరవకండి. పోయిన నెల మా వీధిలో ఒక షాపుకి ప్రింట్ కోసం వెళ్లాను. కుర్రాడు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాడు. కిందికి జరుపుతూ పోతే ఆధార్‌లే. పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కుల మొదటి పేజీలు, ఎవరిదో పెళ్లి సర్టిఫికెట్. వాట్సాప్ వెబ్‌లో అంతకుముందు వచ్చినావిడ ఖాతా ఇంకా తెరిచే ఉంది. ఆవిడ వెళ్లిపోయి చాలాసేపయిందట. 'ఇవి తీసేయవా బాబూ' అంటే 'మళ్లీ వచ్చి అడుగుతారు సార్, అందుకే ఉంచుతాం' అన్నాడు. అతనికి చెడ్డ ఉద్దేశం లేదు. రేపు ఆ కంప్యూటర్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడి సంగతి ఎవరు చెప్పగలరు?

'పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా' అని చాలామంది ధైర్యం. ఆ పాస్‌వర్డ్ ఏమిటి? పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. దేశం మొత్తానికీ ఒకటే సూత్రం. పేరు, వయసు తెలిసినవాళ్లెవరైనా తెరవగలరు. కోట్లమంది గుర్తింపు పత్రానికి పెట్టాల్సిన తాళం ఇదేనా?

2022 మేలో బెంగళూరులోని ఆధార్ ప్రాంతీయ కార్యాలయం కూడా జిరాక్స్ కాపీలు ఎక్కడ పడితే అక్కడ ఇవ్వొద్దు, మాస్క్‌డ్ వాడండి అని ప్రకటన ఇచ్చింది. రెండు రోజులకే, జనం అపార్థం చేసుకునే వీలుందని దాన్ని వెనక్కి తీసుకున్నారు. అది మంచి సలహా. వెనక్కి తీసుకోకుండా ఉండాల్సింది.

ప్రశ్న: మా పాప బడి వాళ్లు కొత్తగా పేరెంట్స్ యాప్ పెట్టారండి. ఆధార్ నంబరు గడి పక్కన ఎర్ర స్టార్ ఉంది. ఖాళీగా వదిలేస్తే ముందుకు వెళ్లనివ్వడం లేదు. ఫోన్ మార్చినా అదే. యాప్‌లో లోపమా? (హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: లోపం కాదమ్మా, అలాగే రాశారు. ఫోన్ మార్చినా, యాప్ దాచుకున్న తాత్కాలిక డేటా (cache) తీసేసినా పోదు. బడికి ఉత్తరం రాసి, ఆ గడి లేకుండా కాగితం మీద దరఖాస్తు తీసుకోమనండి. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదనీ, అది లేదని పిల్లలకు ఏ ప్రయోజనమూ ఆపకూడదనీ 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్తరంలో ఆ తేదీ రాయండి.

అసలు ఆ ఎర్ర స్టార్ గురించే నాకు ఎక్కువ కోపం. పార్లమెంటు చట్టం చేస్తే కోర్టులో సవాలు చేయొచ్చు. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి పుట్టస్వామి ఎనభై ఆరేళ్ల వయసులో 2012లో ఆధార్‌ని సవాలు చేస్తూ పిటిషన్ వేశారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. మన తెలుగావిడ, బాలల హక్కుల కోసం జీవితమంతా పనిచేసిన శాంతా సిన్హా, మధ్యాహ్న భోజనం లాంటి పథకాలకు ఆధార్ తప్పనిసరి చేయడాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. పాన్‌తో లింకు మీద పిటిషన్ వేసినవాళ్లలో పాకీపని నిర్మూలన కోసం పోరాడే బెజవాడ విల్సన్ ఉన్నారు. ఇంతమంది ఏళ్ల తరబడి కొట్లాడితే, రాయితీలకూ పాన్‌కూ ఉంచి, సిమ్‌కీ బ్యాంకు ఖాతాకీ తప్పనిసరి కాదని తీర్పొచ్చింది. ప్రైవేటు కంపెనీలు ఆధార్ అడిగే సెక్షన్‌ని కొట్టేశారు. 2019లో చట్టం సవరించి బ్యాంకులకూ టెలికాం కంపెనీలకూ మళ్లీ దారి తెరిచారు. అప్పుడు కూడా 'స్వచ్ఛందంగా' అనే రాశారు.

ఆ స్వచ్ఛందం కౌంటర్ దాకా వచ్చేసరికి ఏమవుతుందో చూడండి. యాప్ రాసే కుర్రాడు పాత ఫారం కాపీ చేస్తాడు, గడి పక్కన స్టార్ పెడతాడు. ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు, ఏ గెజిట్‌లోనూ లేదు. కానీ నంబరు ఇవ్వకపోతే బటన్ నొక్కుకోదు. దాని మీద ఏ కోర్టుకు వెళ్లాలి? అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి టాబ్లెట్, డయాగ్నొస్టిక్ సెంటర్ రిసెప్షన్, కొరియర్ ఆఫీసు... ఎవరికి ఎందుకు కావాలో అడిగితే ఎవరి దగ్గరా సమాధానం ఉండదు. 'సిస్టమ్ తీసుకోవట్లేదండి' అంటారు. సాఫ్ట్‌వేర్ రాసే మిత్రులకు ఇదే నా విన్నపం: ఆ నంబరుతో మీ ప్రోగ్రామ్ ఏం పని చేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే, ఆ గడి తీసేయండి. దాచిపెట్టనిది లీకవదు.

లీకయ్యాయి కదా మరి. 2017లో ఒక పరిశోధన సంస్థ నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లు పరిశీలిస్తే సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనిపించే వీలుందని తేలింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ చెల్లింపులది, చంద్రన్న బీమాది. ఎవరూ గోడ దూకలేదు. ఎక్సెల్ షీటు పెట్టినట్టు పెట్టేశారు. తెలంగాణలో జరిగింది ఇంకో రకం. 2015లో ఓటరు జాబితాని ఆధార్‌తో కలిపే పని మొదలైంది, ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశంతో ఆగింది. ఆ ప్రక్షాళన రోజుల్లో లక్షల పేర్లు తొలగించారు. 2018 డిసెంబరు పోలింగ్ రోజున బూత్‌కి వెళ్లినవాళ్లు పేరు లేదని తెలిసి తిరిగొచ్చారు. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. ఓటు మాత్రం తిరిగి రాలేదు.

ప్రశ్న: మా అబ్బాయి లెస్టర్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాడు. అక్కడ కూడా డిజిటల్ ఐడీ తప్పనిసరి చేస్తున్నారని, లేకపోతే పార్ట్‌టైమ్ ఉద్యోగం ఇవ్వరని స్నేహితులు చెప్పారట. ఒకటే టెన్షన్. ముందే ఏదైనా అప్లై చేయాలా? (గుంటూరు నుంచి ఒక తండ్రి)

జవాబు: ఏమీ అప్లై చేయక్కర్లేదు. 'డిజిటల్ ఐడీ తీసిపెడతాం, ఇన్ని పౌండ్లు కట్టండి' అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయమనండి.

2025 సెప్టెంబరులో బ్రిటన్ ప్రభుత్వం ఉద్యోగానికి డిజిటల్ ఐడీ తప్పనిసరి చేస్తామంది. వద్దంటూ పార్లమెంటు వెబ్‌సైట్‌లో పెట్టిన పిటిషన్ మీద దాదాపు 30 లక్షల మంది సంతకాలు చేశారు. 2026 జనవరిలో ఆ తప్పనిసరి నిబంధన నుంచి వెనక్కి తగ్గారు. ఆ దేశానికిది కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మూడు పనుల కోసం తెచ్చిన గుర్తింపు కార్డుని 1950 నాటికి 39 పనులకు వాడేవారు. కారు ఆపిన పోలీసుకి కార్డు చూపనని ఒక వ్యక్తి మొండికేసి కేసు దాకా వెళ్లాడు. 1952లో కార్డులు ఎత్తేశారు. మళ్లీ 2006లో చట్టం తెచ్చారు, 2010లో రద్దు చేశారు. అప్పటికి సుమారు 15 వేల మంది వివరాలున్న 500 హార్డ్ డిస్కులను 2011లో యంత్రంలో వేసి ముక్కలు చేశారు. డిలీట్ కొట్టి ఊరుకోలేదు. సేకరించిన డేటాని ఒక ప్రభుత్వం అలా తుక్కు చేయడం నేను ఇంకెక్కడా చూడలేదు.

మీ అబ్బాయికి ఇప్పుడు కావాల్సింది ఈ-వీసా ఖాతా ఒక్కటే. ప్లాస్టిక్ పర్మిట్ కార్డుల గడువు 2024 డిసెంబరు 31తోనే అయిపోయింది. పాస్‌పోర్టు రెన్యూ చేసుకుంటే కొత్త నంబరుని ఆ ఖాతాలో వెంటనే ఎక్కించమనండి, లేకపోతే విమానం ఎక్కేచోట చిక్కులొస్తాయి. పనిలో చేరేటప్పుడు యజమానికి అందులోంచి షేర్ కోడ్, అంటే అతని వీసా వివరాలు ఆన్‌లైన్‌లో సరిచూసుకునే కోడ్, తీసి ఇస్తాడు. అది 90 రోజులే పనిచేస్తుంది. ఉద్యోగానికి 'డబ్ల్యూ'తో మొదలయ్యే కోడ్, ఇంటి అద్దెకు 'ఆర్'తో మొదలయ్యే కోడ్ విడివిడిగా ఉంటాయి. ఇంటి ఓనరుకి రెండోదే ఇవ్వమనండి.