వాలెట్టా ప్రయాణం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఏప్రిల్‌లో మాల్టా వెళ్తున్నాం. అక్కడి పాత రేవు పట్టణం వాలెట్టాకు ఒక పూట చాలంటున్నారు. నిజమేనా? మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, ఊరంతా మెట్లేనట.
– పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఒక పూట చాలదండీ. ఊరి పొడవు కిలోమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి చాలామంది అలా అనుకుంటారు. కానీ ఊరు కట్టింది గుట్ట మీద. రిపబ్లిక్ వీధి గుట్ట నడినెత్తిన సాగుతుంది, దాని మీద నడక సుఖం. అడ్డవీధులు మాత్రం రెండు పక్కలా సముద్రంలోకి దిగిపోతాయి, చాలాచోట్ల మెట్లే. సున్నపురాయి పలకలు జనం తొక్కీ తొక్కీ నున్నబడ్డాయి. నాలుగు చినుకులు పడితే చెప్పులు జారతాయి, రబ్బరు అడుగున్న బూట్లు వేయించండి.

అత్తయ్యగారికి దారి ఉంది. అప్పర్ బరాక్కా తోట పక్కన 58 మీటర్ల ఎత్తున్న లిఫ్ట్ కోటగోడ మీంచి రేవు ఒడ్డుకు దింపుతుంది. రోడ్డు దాటితే ఫెర్రీ. గ్రాండ్ హార్బర్ అనే ఆ రేవు దాటి ఎదుటి ఒడ్డున ఉన్న బోర్మ్‌లాలో దిగి, ఒడ్డు వెంబడి నెమ్మదిగా నడిస్తే బిర్గు అనే పాత ఊరు. 1565లో తుర్కులు ముట్టడించినప్పుడు, అప్పట్లో మాల్టాను ఏలిన క్రైస్తవ యోధులైన నైట్ల స్థావరం ఆ బిర్గులోనే. వాలెట్టాకు పునాది పడింది మరుసటి ఏడాది. అసలు వాలెట్టా గోడల ఎత్తు తెలిసేది పడవలోంచే. మా మాటగా దీనికి సగం రోజు కేటాయించండి, మ్యూజియం ఒకటి తగ్గినా ఫర్వాలేదు.

ఒక్క చిక్కుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న మన విశాఖ రేవు లాంటిది కాదు గ్రాండ్ హార్బర్. నోరు ఈశాన్యానికి తెరిచి ఉంటుంది. చలికాలంలో అటునుంచి గ్రెగాలే గాలి వీస్తే, అడ్డుగోడ ఉన్నా అలలు లోపలికి వస్తాయి, పడవలు ఆపేస్తారు. ఏప్రిల్‌లో ఆ బెడద తక్కువే. అయినా పడవ ప్రయాణాన్ని చివరి రోజుకు పెట్టుకోకండి. మధ్యాహ్నం 12కీ, 4కీ తోట కింద ఫిరంగి పేలుస్తారు. పైనుంచి చూస్తే టికెట్ అక్కర్లేదు, పావుగంట ముందు వెళ్తే పిట్టగోడ దగ్గర చోటు దొరుకుతుంది.

ప్రశ్న: వాలెట్టాలోని సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్ అనే పెద్ద చర్చిలో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో చిత్రం చూడాలి. నియమాలేమిటి?
– డ్రాయింగ్ మాస్టారు, గోపాలపట్నం

జవాబు: సన్న మడమ చెప్పులతో లోపలికి రానివ్వరు. నేలంతా నైట్ల సమాధులపై పరిచిన రంగురాళ్ల పలకలు, మొనదేలిన మడమ పడితే పెచ్చులూడతాయి. భుజాలు కప్పుకోవాలి. ఆదివారం సందర్శకులకు మూత. 1608 నాటి ‘బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేదనం’ ప్రధాన మందిరంలో కాదు, పక్కనున్న ప్రార్థనశాలలో ఉంది. బొమ్మ అడుగున, యోహాను మెడ నుంచి కారిన నెత్తుటి మడుగు చూడండి. ఆ ఎరుపుతోనే చిత్రకారుడు పేరు రాశాడు. ఆయన సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే.

ప్రశ్న: యూరప్ అడాప్టర్ కొన్నాం. సరిపోతుందా?
– గాజువాక

జవాబు: సరిపోదు. మాల్టాది బ్రిటిష్ పద్ధతి, మూడు చదరపు పిన్నులు. దుబాయ్‌లో వాడే ప్లగ్గే. మీ బంధువుల్లో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లుంటే ఇంట్లోనే దొరకొచ్చు. వోల్టేజ్ మనలాగే 230.

ప్రశ్న: అక్కణ్ణుంచి సిసిలీ కూడా వెళ్తాం. వీసా ఎవరిది తీసుకోవాలి?
– మధురవాడ

జవాబు: సిసిలీ ఇటలీదే. మాల్టా, ఇటలీ రెండూ ఒకే వీసా చెల్లే షెంగెన్ కూటమిలోవి, కాబట్టి షెంగెన్ వీసా ఒక్కటే చాలు. ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి దరఖాస్తు చేయండి. సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. హోటల్ బుకింగుల్లో రాత్రుల లెక్క దరఖాస్తుతో సరిపోకపోతే అనుమానం వస్తుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు, 15 రోజులకన్నా ఆలస్యం పనికిరాదు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్ట్‌కు తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలల గడువు మిగలాలి.

ప్రశ్న: శాకాహారులం. ఏం తినొచ్చు?
– సీతమ్మధార

జవాబు: వీధి దుకాణాల్లో పస్తిజ్జి దొరుకుతుంది. పొరలు పొరలుగా కరకరలాడుతుంది, లోపల రికోటా జున్ను గానీ బఠానీ ముద్ద గానీ. బఠానీదే కదా అని కళ్లు మూసుకుని తినకండి. పై పిండిలో పంది కొవ్వు కలిపేవాళ్లూ ఉన్నారు, అడిగి తీసుకోండి. అక్కడ దాదాపు అందరికీ ఇంగ్లిష్ వచ్చు కాబట్టి మొహమాటపడక్కర్లేదు.