ఆ కూజాకి కొంగ ముక్కెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి పారిస్‌లో ఉంటాడండీ, వెళ్ళినప్పుడు లూవ్ర్ మ్యూజియం చూపించాడు. ఇరాన్ వస్తువుల దగ్గర ఒక మట్టి కూజా ఉంది, దానికి కొంగ ముక్కులాగా ఇంత పొడుగు ముక్కు, ఒళ్ళంతా ఎర్రటి ముగ్గులు. వాడేమో పాతకాలం టీ కెటిల్ అన్నాడు, నాకు నమ్మబుద్ధి కాలేదు. ఏంటండీ అది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ డౌటే కరెక్టమ్మా. ఇరాన్ వాళ్ళు టీ మరిగింది ఎంతో తర్వాత, ఈ కూజాల వయసేమో దగ్గర దగ్గర 2,800 ఏళ్ళు! మీరు చెప్పిన పోలికల్ని బట్టి అది కాషాన్ ఊరి పక్కన తెపె సియాల్క్ అనే మట్టిదిబ్బ దగ్గర దొరికిన రకం. 1930ల్లో రోమన్ గిర్ష్‌మన్ అనే ఆర్కియాలజిస్టు ఫ్రెంచి వాళ్ళ తరఫున అక్కడ తవ్వించాడు, దొరికినవాటిలో తవ్వినోళ్ళకి కొంత వాటా ఇచ్చే పద్ధతి అప్పట్లో ఉండేది కాబట్టి కొన్ని పారిస్ చేరాయి.

అసలు సంగతేంటంటే ఇవి దొరికింది వంటింట్లో కాదు, సమాధుల్లో. చనిపోయినవాళ్ళ పక్కన పెట్టి పూడ్చారు. అంత్యక్రియల్లో ఏదో ద్రవం ధారగా పోయడానికి వాడి ఉంటారని పండితుల ఊహ, మనం తర్పణం వదులుతాం చూడండి, అలాంటిదనుకోండి, పోలిక కోసం చెప్తున్నా అంతే, దానికీ దీనికీ చుట్టరికం ఏం లేదు.

ఇక ముక్కు విషయం. మన కొమ్ముచెంబుకి గొట్టంలా మూసి ఉంటుంది కదా, దీనిది అలా కాదు, పైన తెరిచిన కాలవలా ఉంటుంది, ఉగ్గుగిన్నె మూతిని బాగా సాగదీసినట్టు. కొంచెం వంచితే ధార ఎక్కడిదాకా వచ్చిందో కంటికి కనిపిస్తుంది, టక్కున ఆపెయ్యొచ్చు. ముక్కు మొదట్లో కింద కాస్త ఉబ్బుగా ఉంటుంది, పక్షి గొంతులాగా, వెనక పిడి. రాగి, కంచు పాత్రల్ని చూసి ఈ షేపు మట్టిలో దింపారంటారు. లేతరంగు పూత మీద ఎర్రమట్టి రంగుతో త్రికోణాలు, గళ్ళు, కొన్నిటి మీద గుర్రాలు, కొండమేకలు కూడా ఉంటాయి. నాకైతే ఆ గుర్రాలున్నవే ఇష్టం.

ఇంకోసారి వెళ్తే లేబుల్ చదవండి, సియాల్క్ అని, సమాధి నంబరు కూడా ఉంటే తవ్వకంలో దొరికిన సరుకు. ఉత్తినే ఇరాన్ అని ఉంటే మాత్రం డీలర్ల చేతులు మారి వచ్చిందేమోనని కాస్త అనుమానించొచ్చు. మీవాడికి కెటిల్ కాదని చెప్పెయ్యండి.